ఎన్నికల్లో ఓడిన పార్టీ కొత్త నాయకుణ్ణి ఎప్పుడు, ఎవరి ఓటుతో ఎన్నుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు మండల స్థాయిలో పనిచేసే కార్యకర్త. మీ పార్టీ ఎన్నికల్లో ఘోరంగా ఓడిపోయింది, అధ్యక్షుడు రాజీనామా చేస్తానంటున్నారు. ఒక వర్గం వారం లోపలే కొత్త పేరు ప్రకటించాలని పట్టుబడుతుంటే, మరో వర్గం ఆయననే కొనసాగించాలంటోంది. వీటిలో ఏది మంచిదని, నిజంగా ఎన్నిక పెడితే మీవంటి కార్యకర్తల ఓటుకు విలువ ఉంటుందా అని అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. రాజీనామాను వెంటనే ఆమోదించవచ్చు గాని, వారసుణ్ణి వెంటనే ప్రకటించకూడదు. మధ్యలో మూడు నుంచి ఆరు నెలల గడువు ఉండాలి. ఆ గడువు ఏ తేదీన ముగుస్తుందో మొదటి రోజే ప్రకటించాలి. ఇక మీ ఓటు విలువ సంగతి: అది పోలింగ్ నాడు తేలేది కాదు, ఓటర్ల జాబితా తయారైననాడే తేలిపోతుంది. అందరూ "ఎవరు" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ముందు అడగవలసినది "ఎవరి ఓటుతో" అన్నది.

నేను జిల్లా కోర్టులో న్యాయవాదిని. ఒక పార్టీ సంస్థాగత ఎన్నికల్లో వేర్వేరు సంవత్సరాల్లో నాలుగుసార్లు ఎన్నికల అధికారిగా పనిచేశాను. ఆ పార్టీ పేరు ఇక్కడ అవసరం లేదు. సభ్యత్వ పుస్తకాలు లెక్కపెట్టడం దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా నామినేషన్ల ఉపసంహరణలకు కూర్చోవడం వరకు చూసినవాణ్ణి కనుక, నా అభిప్రాయాలు ఆ అనుభవం నుంచి వచ్చినవేనని గమనించగలరు.

గడువు గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే మన దేశంలో దీనికి కాంగ్రెస్‌ను మించిన ఉదాహరణ లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి 52 స్థానాలే వచ్చాయి. మే 25న జరిగిన వర్కింగ్ కమిటీ (పార్టీలో అత్యున్నత నిర్ణయాలు తీసుకునే సంఘం) సమావేశంలోనే రాహుల్ గాంధీ తప్పుకుంటానన్నారు, జులై 3న రాజీనామా లేఖను బహిరంగపరిచారు. ఓటమికి బాధ్యత వహించి వైదొలగడం గౌరవప్రదమైన పని. అయితే ఆ తర్వాత ఏం జరగాలో ఎవరూ తేదీ పెట్టలేదు. ఆగస్టు 10న సోనియా గాంధీని తాత్కాలిక అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆ తాత్కాలికం మూడు సంవత్సరాలు దాటింది. 2020 ఆగస్టులో 23 మంది సీనియర్లు పూర్తికాలపు నాయకత్వం కావాలని లేఖ రాశారు. ఈలోగా జ్యోతిరాదిత్య సింధియా, జితిన్ ప్రసాద, చివరికి గులాం నబీ ఆజాద్ పార్టీని వీడారు. వారిలో ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉండవచ్చు. కాని నిర్ణయం ఎవరు తీసుకుంటారో తెలియని ఇంట్లో అలిగినవారిని బుజ్జగించే పెద్ద కూడా ఉండరు. నేను చూసిన జిల్లాల్లోనూ ఇదే జరిగింది. "తాత్కాలిక" అన్న మాట ముందు పెట్టుకున్న అధ్యక్షుడి మాట మండల కార్యదర్శి సైతం వినడు. రేపు ఎవరు వస్తారో తెలియనప్పుడు ఈ రోజు ఎవరి పక్షాన నిలబడాలన్నా అతనికి భయమే.

చివరికి ఎన్నిక 2022 అక్టోబరు 17న జరిగింది. మల్లికార్జున ఖర్గేకు 7,897 ఓట్లు, శశి తరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి, 416 చెల్లలేదు. ఈ ఫలితాన్ని చూసి చాలామంది ముందే నిర్ణయమైపోయిన ఎన్నిక అని తేల్చేశారు. నేను అంత తేలికగా తీసిపారెయ్యను. ఎన్నికల అధికారిగా పనిచేసినవాడికి అందులో రెండు మూడు విషయాలు వెంటనే కనిపిస్తాయి.

మొదటిది బ్యాలెట్ మీద గుర్తు. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా "1" అని రాయాలని మొదట సూచించారు. ఇద్దరు అభ్యర్థుల్లో ఒకరి పేరు పక్కన ఎలాగూ వరుస సంఖ్య 1 ఉంటుంది కనుక, "1" అంటే మొదటి పేరుకు వెయ్యమన్న అర్థం వచ్చే ప్రమాదం ఉందని తరూర్ వర్గం అభ్యంతరం చెప్పింది. మధుసూదన్ మిస్త్రీ నేతృత్వంలోని పార్టీ అంతర్గత ఎన్నికల ప్రాధికార సంస్థ దానిని మన్నించి టిక్ గుర్తు పెట్టమని మార్చింది. చూడడానికి చిన్న విషయమే, కాని చదువు తక్కువైన ఓటరు చేతికి కాగితం అందిన ఆ ఒక్క క్షణంలో ఇటువంటి చిన్న విషయమే ఓటును అటూ ఇటూ చేస్తుంది. రెండోది లెక్కింపు. రాష్ట్రాల నుంచి వచ్చిన పెట్టెల్లోని ఓట్లన్నీ ఢిల్లీలో కలగలిపిన తర్వాతే లెక్కపెట్టారు. హైదరాబాద్ గాంధీభవన్‌లో ఓటు వేసిన ప్రతినిధి ఎవరికి వేశారో, ఆ రాష్ట్రం మొత్తం ఎటు మొగ్గిందో బయటకు రాదు. పార్టీ ఎన్నికల్లో కార్యకర్తకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఓడిపోవడం కాదు, ఎవరికి వేశాడో తెలిసిపోవడం. అందుకే ఓట్లు కలపడం ఆ ఎన్నికలో జరిగిన మంచి పనుల్లో ఒకటి అని నేననుకుంటాను.

మూడోది ఓటర్ల జాబితా. నేను మొదట చెప్పిన మాటకు రుజువు ఇక్కడే దొరుకుతుంది. ఓటు హక్కు ఉన్నవారు రాష్ట్ర కాంగ్రెస్ కమిటీల తొమ్మిది వేల పైచిలుకు ప్రతినిధులు మాత్రమే, సామాన్య సభ్యులు కారు. ఆ జాబితాను ప్రచురించాలని తరూర్, మనీష్ తివారీతో సహా అయిదుగురు ఎంపీలు లేఖ రాశారు. పోటీ చేయదలచినవారు సెప్టెంబరు 20 నుంచి పార్టీ కార్యాలయానికి వచ్చి చూసుకోవచ్చని జవాబు వచ్చింది. జాబితా అందిన తర్వాత కూడా అందులో వివరాలు అసంపూర్ణంగా ఉన్నాయని తరూర్ బహిరంగంగానే చెప్పారు. ఓటరు ఎవరో తెలియని అభ్యర్థి ఓటు ఎలా అడుగుతాడు? పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకరికి దశాబ్దాలుగా ప్రతి రాష్ట్ర కమిటీలోనూ పరిచయస్తులున్నారు, మరొకరు ఒక్కొక్క నంబరూ వెతుక్కోవాలి. ఓటింగ్ సక్రమంగా జరిగినా పోటీ సమానంగా జరగలేదని నేననేది ఈ అర్థంలోనే.

జాబితా సంగతి నా అనుభవంలోకి వచ్చిన తీరు చెబుతాను. ఒక ఏడాది జిల్లా కేంద్రంలోని కల్యాణ మండపంలో సభ్యత్వ పుస్తకాలు పరిశీలిస్తున్నాను. పుస్తకానికి పాతిక రసీదులు, ప్రతి రసీదుకు కౌంటర్‌ఫాయిల్ (రసీదు చించాక పుస్తకంలో మిగిలే భాగం), దాని మీద సభ్యుడి సంతకమో వేలిముద్రో ఉండాలి. ఒక మండలం నుంచి వచ్చిన కట్ట విప్పితే, మూడు పుస్తకాల నిండా ఒకే ఆకుపచ్చ సిరా, ఒకే వంకర "ర" అక్షరం. ఇంటి నంబర్లు ఒకటి, రెండు, మూడు అంటూ వరుసగా సాగి వీధి చివరికి వచ్చేసరికి అకస్మాత్తుగా ఆగిపోయాయి. ఆ వీధికి మనిషిని పంపి కనుక్కుంటే అందులో సగం ఇళ్ళు ఖాళీ స్థలాలు. పుస్తకాలు తిప్పి పంపించాను. ఆ రాత్రే పైనుంచి ఫోను వచ్చింది: ఎన్నిక అవసరం లేదు, ఏకగ్రీవం చేసుకోండి అని. మర్నాడు పోటీ పడుతున్న ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు, సాయంత్రానికి ఒకరు నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. రికార్డులో అది ఏకగ్రీవం. కాని వెనక్కి తీసుకున్న మనిషి, ఆయన వెంట తిరిగిన అరవై డెబ్భై మంది కుర్రవాళ్ళు ఆ తర్వాతి ఎన్నికల్లో ఇల్లు కదలలేదు. ఓట్లు పడి ఓడిపోయి ఉంటే వాళ్ళు పార్టీతోనే ఉండేవారని నేను ఈనాటికీ నమ్ముతాను. తన బలం ఎంతో తెలిసిన తర్వాత ఓడినవాడు మళ్ళీ ప్రయత్నిస్తాడు. లెక్కకే రాకుండా పక్కకు జరిపినవాడు మనసు విరుచుకుంటాడు.

కొత్త నాయకుడి కన్నా ముందు ఓటమికి కారణాలు తేలాలి. గడువు కావాలని నేను చెప్పడానికి ముఖ్యమైన కారణం ఇదే. బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ చరిత్రలో ఇందుకు పక్కపక్కనే పెట్టి చూడదగిన రెండు సందర్భాలున్నాయి. 2001 ఎన్నికల్లో ఓడిన మర్నాడే విలియం హేగ్ వైదొలిగారు, పోటీ వెంటనే మొదలైంది. అక్కడి పద్ధతి ప్రకారం ముందు ఎంపీలు వడపోసి ఇద్దరిని మిగులుస్తారు, ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. చివరి వడపోతలో కెన్నెత్ క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, మైకేల్ పోర్టిలోకు 53 ఓట్లు వచ్చాయి. అంటే ఒక్క ఓటు తేడాతో పోర్టిలో తప్పుకోవలసి వచ్చింది. సభ్యులు డంకన్ స్మిత్‌ను భారీ ఆధిక్యంతో గెలిపించారు. కాని పార్లమెంటులో ఆయన వెనుక కూర్చునే ఎంపీల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది వేరేవారికి ఓటు వేసినవారే. రెండేళ్ళు తిరిగి 2003 అక్టోబరులో ఆ ఎంపీలే 90–75 తేడాతో ఆయన మీద అవిశ్వాసం నెగ్గించారు. ఆయన ఒక్క సార్వత్రిక ఎన్నికకైనా పార్టీని నడపలేదు.

2005లో మళ్ళీ ఓడినప్పుడు మైకేల్ హోవార్డ్ మర్నాడే తప్పుకుంటానని ప్రకటించారు గాని, వారసుడు వచ్చేదాకా డిసెంబరు వరకు కుర్చీలో ఉన్నారు. ఆ ఏడు నెలల్లో పార్టీ తన ఓటమిని చర్చించుకుంది. వేసవి దాకా డేవిడ్ డేవిస్ ముందున్నారు. శరదృతువులో బ్లాక్‌పూల్ మహాసభలో అభ్యర్థులందరూ ఒకే వేదిక మీద మాట్లాడారు. అప్పటిదాకా వెనుకబడి ఉన్న డేవిడ్ కామెరాన్ ప్రసంగంతో గాలి మారింది. సభ్యుల ఓటింగులో ఆయనకు 1,34,446, డేవిస్‌కు 64,398 ఓట్లు వచ్చాయి. 2010లో ఆయన ప్రధాని అయ్యారు. మే నెలలోనే ఎన్నిక ముగించి ఉంటే ఆ పేరు బయటకే వచ్చేది కాదు. ఆ పార్టీ ఆ పాఠం మరచిపోలేదనుకుంటాను, ఎందుకంటే 2024 జులైలో 121 స్థానాలకు పడిపోయినప్పుడు కూడా రిషి సునాక్ నవంబరు 2 వరకు తాత్కాలికంగా కొనసాగారు. ఆరుగురు పోటీ పడ్డారు, మధ్యలో బర్మింగ్‌హామ్ మహాసభ జరిగింది. ముగ్గురు మిగిలిన చివరి వడపోతలో కెమీ బాడెనాక్‌కు 42, రాబర్ట్ జెన్రిక్‌కు 41, జేమ్స్ క్లెవర్లీకి 37 ఓట్లు వచ్చాయి. విచిత్రమేమంటే ముందురోజు ఓటింగులో 39 ఓట్లతో మొదటి స్థానంలో ఉన్నది క్లెవర్లీయే. సభ్యుల ఓటింగులో బాడెనాక్ 53,806 – 41,388 తేడాతో గెలిచారు. ఎంపీల్లో మూడో వంతు మద్దతుతో వచ్చిన నాయకత్వం కనుక పాత ఇబ్బంది మళ్ళీ రావచ్చునన్న మాట అప్పుడే వినిపించింది. గడువు ఒక్కటే అన్నిటినీ నయం చేస్తుందని నేను చెప్పడం లేదు. శాసనసభలో రోజూ పక్కన కూర్చునేవారి మద్దతు, ఊళ్ళల్లో జెండా మోసేవారి మద్దతు రెండూ ఉన్నవాడే నిలబడతాడు. పద్ధతి ఏదైనా ఈ రెంటినీ కొలిచేలా ఉండాలి.

ఓటమి సమీక్ష అంటే ఏమిటో కూడా ఒక మాట. ఒక సమీక్షా సమావేశంలో గంటన్నర సేపు నాయకులందరూ డబ్బు, యంత్రాలు, ప్రత్యర్థి కుట్రల గురించి మాట్లాడారు. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. రిటర్నింగ్ అధికారి ఇచ్చే ఫారం 20 (బూత్‌లవారీ ఓట్ల లెక్క)లోని తన పోలింగ్ బూత్ వరుసను చేతితో రాసుకొచ్చిన కాగితం అది. పక్కన గతసారి లెక్క కూడా వేసుకున్నారు. తన బూత్‌లో ఓట్లు మూడో వంతు ఎందుకు తగ్గాయో వీధులవారీగా చెప్పారు: ఏ వీధిలో పింఛను ఆగింది, ఏ వీధికి అభ్యర్థి అసలు రాలేదు అని. ఆ గదిలో ఆ రోజు జరిగిన అసలైన సమీక్ష ఆ పది నిమిషాలే. అటువంటి కాగితాలు వంద పోగైతే, పార్టీకి ఎటువంటి నాయకుడు కావాలో దానంతట అదే తెలుస్తుంది.

పద్ధతి బాగుంటే చాలు, గెలుపు దానంతట అదే వస్తుందని అనుకోకండి. దీనికి మన తెలుగునేల మీది ఉదాహరణే ఉంది. 1977లో కాంగ్రెస్ 154 స్థానాలకు పడిపోయింది, రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీయే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో 41 ఆ పార్టీవే, మిగిలిన ఒక్క నంద్యాలను జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఆ ఓటమి తర్వాత 1977 మేలో పార్టీ అధ్యక్ష పదవికి పోటీ జరిగి మన కాసు బ్రహ్మానందరెడ్డి ఎన్నికయ్యారు. ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు, అనుభవజ్ఞుడైన మాజీ ముఖ్యమంత్రి. అయినా 1978 జనవరి మొదట్లో ఇందిరా గాంధీ వర్గం వేరుపడి పార్టీ చీలిపోయింది. రెండు నెలలైనా నిండకుండా ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు వస్తే, కొత్త హస్తం గుర్తుతో ఇందిరా కాంగ్రెస్ 294లో 175 గెలిచింది, బ్రహ్మానందరెడ్డి వైపున్న రెడ్డి కాంగ్రెస్‌కు 30 దక్కాయి. పార్టీ కమిటీల్లోని ఓటు వేరు, ఊళ్ళో ఓటు వేరు. ప్రతినిధుల జాబితా ఎంత చిన్నదైతే ఆ రెంటి మధ్య దూరం అంత పెరుగుతుంది.

దీనికి తోడు, ఓటుతో వచ్చిన పదవిని ఓటు లేకుండా తీసేస్తే ఆ ఎన్నికకు అర్థం ఉండదు. 1996లో పి.వి. నరసింహారావు నాయకత్వంలో కాంగ్రెస్ 140 స్థానాలకు పరిమితమైంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆయన పార్టీ అధ్యక్ష పదవి నుంచి తప్పుకోగా సీతారాం కేసరి వచ్చారు. 1997 జూన్‌లో కేసరి ముక్కోణపు పోటీలో నెగ్గారు. ఆయనకు 6,224, శరద్ పవార్‌కు 882, రాజేశ్ పైలట్‌కు 354 ఓట్లు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1998 ఎన్నికల తర్వాత మార్చి 14న వర్కింగ్ కమిటీ ఒక సమావేశంలో ఆయనను తొలగించి సోనియా గాంధీని ఎన్నుకుంది. ఆ మార్పు రాజకీయంగా పార్టీకి లాభించిందా అన్నది వేరే చర్చ. కాని కేసరికి ఓటు వేసిన ఆరు వేల పైచిలుకు ప్రతినిధులను ఆ రోజు ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అయితే ఓటింగే లేని పద్ధతుల్లో కూడా మంచి ఎంపికలు జరిగాయని ఒప్పుకోవాలి. 2020 డిసెంబరులో హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల్లో 150 డివిజన్లలో రెండే దక్కడంతో తెలంగాణ పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ) అధ్యక్షుడు ఉత్తమ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేశారు. రాష్ట్ర ఇన్‌ఛార్జి మాణికం ఠాగూర్ నాయకులను ఒక్కొక్కరినే కలిసి అభిప్రాయాలు తీసుకున్నారు. ఆరు నెలలు దాటాక 2021 జూన్ 26న రేవంత్‌రెడ్డి పేరు ప్రకటించారు. పార్టీకి కొత్తగా వచ్చినవారికి పగ్గాలు ఇస్తారా అని సీనియర్లు బహిరంగంగా అసంతృప్తి తెలిపారు. అయినా 2023 డిసెంబరులో ఆ పార్టీ 119లో 64 స్థానాలు గెలిచింది. ఇక అసలు మార్చకుండా గెలిచిన సందర్భమూ ఉంది. 2019లో 23 స్థానాలకు పడిపోయిన తెలుగుదేశం చంద్రబాబు నాయుడి నాయకత్వంలోనే 2024లో 135 గెలిచింది. కనుక మీ అధ్యక్షుణ్ణి కొనసాగించాలంటున్న వర్గం వాదన తప్పని నేను అనను. కాని కొనసాగింపు కూడా ఒక నిర్ణయమే కనుక దానినీ సభ్యుల ముందు పెట్టి ఆమోదింపజేసుకోవాలి. ఆయన పేరుతోనే నామినేషన్లు పిలవండి. ఎవరూ పోటీకి రాకపోతే అది నిజమైన ఏకగ్రీవం.

చట్టం సహాయం చేస్తుందా అని కూడా అడిగారు. పరిమితంగానే. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ కింద పార్టీలు నమోదు కావాలి. నియమావళిలో పదవులకు కాలపరిమితితో ఎన్నికలుండాలని ఎన్నికల సంఘం అడుగుతుంది. వైఎస్సార్ కాంగ్రెస్ తన అధ్యక్షుణ్ణి శాశ్వతంగా ఎన్నుకుందన్న వార్తలు వచ్చినప్పుడు, శాశ్వత పదవి ప్రజాస్వామ్య విరుద్ధమని 2022 సెప్టెంబరులో సంఘం స్పష్టం చేసింది. అయినా సంస్థాగత ఎన్నికలు సరిగా జరపలేదన్న ఒక్క కారణంతో నమోదు రద్దు చేసే అధికారం సంఘానికి లేదు. ఈ విషయమై 2002లో సుప్రీంకోర్టు తీర్పే ఉంది. కోర్టుకు వెళ్ళి సాధించగలిగేది తక్కువ. పార్టీ నియమావళి ప్రతి ఒకటి సంపాదించి చదువుకోవడం మీకు అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మీరు మండల స్థాయిలో ఉన్నారు కాబట్టి చేయగల పనులు చెబుతాను. రాబోయే సభ్యత్వ నమోదులో మీ పుస్తకం మీ చేతనే ఉంచుకోండి, కౌంటర్‌ఫాయిళ్ళకు నకళ్ళు తీసి పెట్టుకోండి. మీ మండలం నుంచి ప్రతినిధిగా ఎవరి పేరు వెళ్ళిందో రాతపూర్వకంగా అడగండి, ఆ పేరును మండల సమావేశంలో చదివించి మినిట్స్‌లోకి ఎక్కించండి. ఎన్నిక తేదీ, జాబితా ప్రచురణ తేదీ, లెక్కింపు పద్ధతి మూడింటినీ ఒకే ప్రకటనలో ఇవ్వాలని మీ మండల కమిటీ చేత తీర్మానం చేయించి పైకి పంపండి. ఓడినవారికి కమిటీల్లో చోటు ఉంటుందన్న హామీ కూడా ముందే అడగండి. ఖర్గే 2023 ఆగస్టులో ప్రకటించిన వర్కింగ్ కమిటీలో తరూర్ పేరు ఉంది, అటువంటిది మీ జిల్లాలోనూ సాధ్యమే. మీ బూత్ ఫారం 20 వివరాలు ఈ వారమే తీసుకోండి, సమీక్షా సమావేశానికి పిలుపు వచ్చేదాకా ఆగవద్దు.